సున్నాలో మెలిక

కైకలూరులో సాయంత్రం ఆరున్నర. వాన ఇప్పుడే తెరిపిచ్చింది. మేత బస్తాల లారీ ఒకటి బురద చిమ్ముకుంటూ చెరువుల వైపు మళ్ళింది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద, గోనెపట్టా మీద ఎలక్ట్రిక్ స్కూటర్ వెనక చక్రం వెల్లకిలా పడుంది. మీరు వంగి చూస్తున్నారు. మెకానిక్కు పాతికేళ్ళుంటాయి. చుట్టూ మరలన్నీ విప్పేశాడు, కానీ మూత ఊడి రావట్లేదు. లోపలి అయస్కాంతాలు దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాయి.

"వేళ్ళు తియ్యండి సార్, నలిగిపోతాయి," అంటూ రెండు స్క్రూడ్రైవర్లు సందులో దోపి పైకెత్తాడు. టప్పున విడిపోయింది. మధ్యలో రాగి తీగ చుట్టలతో నిండిన గుండ్రటి దిమ్మ, దాని చుట్టూ తిరిగే ఇనప కంకణం. కంకణం లోపలి అంచున పలకల్లాంటి అయస్కాంతాలు పక్కపక్కనే అంటించి ఉన్నాయి. దిమ్మ సందుల్లోంచి కాస్త నీళ్ళు కారాయి.

బండి పెద్దాయనది. ఆయనకు శీలావతి, బొచ్చె చెరువులున్నాయి. "రెండ్రోజుల్నించీ ఎక్సలేటరిస్తే ఎగిరెగిరి పడతందిరా అబ్బాయ్. గట్టు మీంచి చెరువులో పడేసేట్టుంది."

"హాల్ సెన్సర్ పోయింది బాబాయ్. గట్ల మీద తిప్పే బళ్ళన్నిటికీ ఇదే గోల."

అతను చూపించిన చోట, రాగి చుట్టల మధ్య, మినప్పప్పు బద్దంత నల్లటి ముక్కలు మూడు కూర్చుని ఉన్నాయి. వాటి నుంచి అయిదు సన్నటి వైర్లు బయటికి వచ్చాయి. ఎరుపుకి అయిదు వోల్టులు ఇచ్చి, నలుపుని ఎర్త్‌కి కలిపి, మల్టీమీటరు ముల్లు పసుపు మీద పెట్టి కంకణాన్ని చేత్తో మెల్లిగా తిప్పాడు. అయిదు, సున్నా, అయిదు, సున్నా. ఆకుపచ్చ మీద పెట్టాడు. అదీ అంతే. నీలం మీద పెట్టి ఎంత తిప్పినా మీటరు సున్నా దగ్గరే ఉండిపోయింది. "చూశారా, నీలం చచ్చింది." ఏ చుట్టకి ఎప్పుడు కరెంటివ్వాలో కంట్రోలరుకి చెప్పేవి ఈ మూడే. మూడింట్లో ఒకటి మూగబోతే బండి తడబడుతుంది.

అతను సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా ఆగుతున్నాడు. ఈలోగా మీరొక పని చెయ్యండి. ఫోనులో దిక్సూచి తెరిచి ఆ కంకణం అంచుకి ఆనించండి. ముల్లు పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. ఒక్కో పలక దగ్గరా ఒక్కో వైపు. ఫోనుని మోచేతి దూరానికి వెనక్కి తీసుకోండి. ముల్లు నెమ్మదించి ఉత్తరానికి వచ్చేస్తుంది. అంత బలమైన అయస్కాంతాలు ఎటు పోయాయి? ఎటూ పోలేదు. పక్కపక్క పలకల ముఖాలు ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. దూరం నుంచి చూస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం సున్నాకి దగ్గరవుతుంది. లోపల కూర్చున్న నల్లటి ముక్క మాత్రం దూరపు లెక్క చూడదు, తన ముందున్న దాన్నే చూస్తుంది.

"అమరావతిలో క్వాంటం అంటన్నారుగా, అదీ ఇదేనా?" పెద్దాయన నవ్వుతూ అడిగాడు. ఈ మాట ఇప్పుడు టీ కొట్ల దాకా వచ్చేసింది. అమరావతి క్వాంటం వ్యాలీకి ప్రకటించిన ఐబీఎం యంత్రం వేరే సరుకు, దానిలోవి అతివాహక సర్క్యూట్లు. కానీ ఆయన ప్రశ్న కొట్టిపారేసేది కాదు. క్వాంటం హాల్ ప్రభావం అనేది ఒకటుంది, దానికి దారి ఈ నల్ల ముక్కలోంచే వెళ్తుంది. ఆ దారిలో ఒక మలుపు దగ్గర మన పక్క ఊరాయన కూడా కనబడతాడు.

ముందు 1879 అక్టోబరుకి, అమెరికాలోని బాల్టిమోర్‌కి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో ఇంకా ఇరవై నాలుగు నిండని ఎడ్విన్ హాల్ గాజు పలక మీద అతి పల్చటి బంగారు రేకు అంటించి, దాన్ని అయస్కాంత ధ్రువాల మధ్య నిలబెట్టాడు. రేకులో పొడవునా కరెంటు పారుతోంది. అయస్కాంతం లాగేది తీగనే గాని అందులోని కరెంటును కాదని మ్యాక్స్‌వెల్ రాశాడు. హాల్‌కి ఆ మాట నచ్చలేదు. గాల్వనోమీటరు వైర్లు రేకు అడ్డంగా, ఇటు అంచునొకటి అటు అంచునొకటి పెట్టి చూశాడు. ముల్లు కదిలింది. అయస్కాంతం పారే విద్యుత్తుని ఒక అంచుకి నెడుతోంది. ఎలక్ట్రాన్ అనేదొకటి ఉందని తేలడానికి ఇంకా పద్దెనిమిదేళ్ళున్న రోజులవి. పెద్దాయన బండిలోని ముక్క చేసేదీ ఇదే. బంగారానికి బదులు అర్ధవాహకం, ముల్లుకి బదులు అయిదు వోల్టుల సంకేతం.

ఆ వెంటనే హాల్ ఇనప రేకుతో చూశాడు. అందులో ప్రభావం పది రెట్లు కనబడింది. ఇనుము తానే అయస్కాంతం కనక అలా వచ్చిందని అందరూ సరిపెట్టుకున్నారు. పదార్థం ఎంత అయస్కాంతమైతే అడ్డం వోల్టేజి అంత అన్న నమ్మకం శతాబ్దం పైగా గట్టిగా నిలబడింది. మనం తిరగబోయేది ఆ నమ్మకం చుట్టూనే.

తర్వాతి మజిలీ గ్రెనోబుల్. ఆల్ప్స్ కొండల నడుమ ఫ్రెంచి పట్నం. 1980 ఫిబ్రవరి 5, రాత్రి రెండు గంటల వేళ. బలమైన అయస్కాంతాల ప్రయోగశాలలో చల్లటి నీరు పైపుల్లో హోరెత్తుతోంది. తీగ చుట్టల్లో కరెంటు పుట్టించే వేడిని అది మోసుకుపోవాలి. చుట్టల నడుమ ద్రవ హీలియంలో, సున్నా కెల్విన్‌కి డిగ్రీన్నర పైన, ఒక సిలికాన్ ట్రాన్సిస్టర్ వేలాడుతోంది. దాని మీద 18 టెస్లాల ప్రాంతంలో క్షేత్రం, అంటే మన కాళ్ళ కింది భూమి అయస్కాంతత్వానికి నాలుగు లక్షల రెట్లకు పైనే. క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ గేటు వోల్టేజి పెంచుతూ కాగితం మీద గీత గీసే పెన్ను వైపు చూస్తున్నాడు. నున్నటి ఏటవాలుగా జారాల్సిన గీత మెట్లు మెట్లుగా దిగుతోంది. ప్రతి మెట్టూ బల్లలా చదునుగా ఉంది. మెట్ల ఎత్తులు లెక్కగడితే 25,812.8 ఓములు, దానిలో సగం, మూడో వంతు, నాలుగో వంతు. ట్రాన్సిస్టర్ ఎంత పొడవో, ఎవరు తయారు చేశారో, లోపల ఎంత చెత్త ఉందో ఈ అంకెకి పట్టనే పట్టదు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ విద్యుదావేశపు వర్గంతో భాగిస్తే వచ్చేది అదే. 1985లో ఆయనకు నోబెల్ వచ్చింది. 2019 మే 20 నుంచి ఆ రెండు స్థిరాంకాల విలువలూ ఖాయం చేసేశారు కాబట్టి ఈ ఓముల అంకెలో ఇక ఊగిసలాటే లేదు.

అంత చెత్తలోనూ అంత ఖచ్చితత్వం ఎలా వచ్చింది? మెకానిక్ షెడ్డులోంచి తలెత్తి ఆటపాక వైపు చూడండి. చెరువుల మధ్య బండి నడిచేది గట్టు మీదే. నీళ్ళలో ఎవరూ నడపరు. గట్టు సన్నం, ఒకవైపుకే దారి అనుకోండి. ఎదురు రావడానికి చోటు లేదు, వెనక్కి తిరగడానికి వీలు లేదు. గట్టు మీద ఎవరైనా బస్తాలు పేర్చినా బండి పక్కనుంచి చుట్టుకుని ముందుకే పోవాలి. క్వాంటం హాల్ స్థితిలో పదార్థం నడుమంతా విద్యుత్ బంధకం, కరెంటు పారేది అంచునే, అదీ ఒకే దిశలో. ఎదురు దారి లేదు కాబట్టి చెదిరి వెనక్కి పోవడమనేది లేదు. అంచున ఎన్ని దారులున్నాయన్నది పూర్ణాంకం. ఒకటి, రెండు, మూడు. ఒకటీ పావు దారి ఉండదు. 1982లో థౌలెస్, ఆయన ముగ్గురు సహచరులు ఆ పూర్ణాంకం పదార్థం లోపలి తరంగాల మెలికల లెక్క అని చూపించారు. ఒకసారి మెలిక పడ్డాక కాస్త అటూ ఇటూ లాగితే పోదు, విప్పాలంటే తెంపాల్సిందే.

చిక్కల్లా ఆ 18 టెస్లాల దగ్గరే. దిశను నిర్ణయించేది ఆ క్షేత్రం. అది తీసేస్తే గట్టు మీద ఏకదిశ నియమం పోతుంది. క్షేత్రం లేకుండా కూడా ఇది కుదురుతుందని 1988లో హాల్డేన్ కాగితం మీద ఒక నమూనా గీశాడు. దాన్ని 2013లో బీజింగ్‌లో చాంగ్ ట్సూయి జూ, శ్వె చీకున్ బృందం నిజం చేసి చూపింది. క్రోమియం కలిపిన బిస్మత్ ఆంటిమొనీ టెల్యురైడు రేకు, బయటి క్షేత్రం సున్నా, మీటరులో 25.8 వేల ఓములు. కాకపోతే అది పనిచేసింది సున్నా కెల్విన్‌కి 0.03 డిగ్రీల పైన. రేకు కూడా లోలోపల అయస్కాంతమే, క్రోమియం అణువులన్నీ ఒక వైపుకి తిరిగి ఉన్నాయి. ఇనుములో హాల్ చూసిన కథే, మెట్టు కట్టి మళ్ళీ వచ్చింది.

అయస్కాంతత్వం మొత్తం కలిపితే సున్నా వచ్చే పదార్థంలోనో?

అలాంటి పదార్థాలకు ఆద్యుడు లూయీ నీల్. ఆయన ప్రయోగశాల కట్టుకున్న ఊరు కూడా గ్రెనోబులే. 1930ల్లో ఆయన చెప్పింది ఇది: కొన్ని స్ఫటికాల్లో ప్రతి అణువూ చిన్న అయస్కాంతమే అయినా పక్కపక్కవి ఎదురుబొదురుగా నిలబడి మొత్తాన్ని కొట్టేసుకుంటాయి. యాంటీఫెర్రోమాగ్నెట్లంటే ఇవే. 1949లో న్యూట్రాన్లు పంపి మాంగనీసు ఆక్సైడులో ఈ ఏర్పాటును కళ్ళకు కట్టారు. నీల్‌కి 1970లో నోబెల్ ఇచ్చారు. ఆ ప్రసంగంలో ఆయనే ఇవి సిద్ధాంతానికి భలే ఆసక్తికరమైనవిగాని ఉపయోగమేమీ కనబడడం లేదన్నాడు. తన బిడ్డను గురించి తండ్రి ఇంత నిర్మొహమాటంగా మాట్లాడడం అరుదు.

ఇలాంటి పదార్థంలో క్షేత్రం లేకుండా హాల్ వోల్టేజి, అంటే ఆ అడ్డం వోల్టేజి, ఎందుకు రాదో తేల్చడానికి పెద్ద గణితం అక్కర్లేదు. కాలాన్ని వెనక్కి తిప్పారనుకోండి. ప్రతి స్పిన్నూ, అంటే అణువులోని ఆ చిన్న అయస్కాంతమూ, తలకిందులవుతుంది. పైకి చూసేది కిందికి, కిందికి చూసేది పైకి. ఇప్పుడు స్ఫటికాన్ని ఒక అణువు దూరం పక్కకి జరపండి. మొదటి స్ఫటికమే మళ్ళీ వచ్చింది. తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ కాలం తిరగబడితే హాల్ వోల్టేజి గుర్తు మారాలి, కూడికది తీసివేత కావాలి. అదే స్ఫటికం ఒకేసారి కూడికా తీసివేతా ఇవ్వాలంటే ఇవ్వగలిగింది సున్నా ఒక్కటే.

ఈ రకం వాదనను వృత్తిగా చేసుకున్న మనిషిని కలవాలంటే కైకలూరు స్టేషన్లో గుడివాడ వెళ్ళే బండెక్కండి. మండవల్లి దాటాక రెండు వైపులా చెరువులూ వరి చేలూ కలిసి వస్తాయి. గంట కూడా పట్టదు. సూరి భగవంతం బడి చదువు గుడివాడలోనే. పుట్టింది 1909లో, నూజివీడు దగ్గరి ఆగిరిపల్లిలో. నిజాం కాలేజీలో చదివి, 1928లో, రామన్ ప్రభావం బయటపడిన ఏడాదే, కలకత్తాలో రామన్ దగ్గర చేరాడు. నాలుగేళ్ళకు వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలుపెట్టాడు. ఆయన్ని ఇప్పుడు ఎవరైనా తలుచుకుంటే రక్షణ మంత్రికి సలహాదారుగానో, పుట్టపర్తిలో సాయిబాబా ప్రసంగాలను ఇంగ్లిషులోకి చెప్పిన మనిషిగానో తలుచుకుంటారు. నన్నడిగితే అసలు భగవంతం సౌష్ఠవం లెక్కల్లో ఉన్నాడు.

వాల్తేరులో ఆయన బల్ల ముందు నిలబడి చూడండి. కాగితం మీద స్ఫటికం బొమ్మ, దాన్ని ఎన్ని రకాలుగా తిప్పినా, అద్దంలో చూసినా మారకుండా ఉంటుందో ఆ జాబితా. ఆ జాబితా చాలు, ఈ స్ఫటికాన్ని నొక్కితే, వేడి చేస్తే, కరెంటు పంపితే ఎన్ని స్వతంత్రమైన అంకెలు కొలవాలో ముందే చెప్పేయవచ్చు. ప్రయోగం అక్కర్లేదు. ఒత్తిడికి స్ఫటికంలోంచి వెలుగు దారి ఎలా మారుతుందన్న విషయంలో జర్మన్ పండితుడు పోకెల్స్ వేసిన లెక్క దశాబ్దాలుగా పుస్తకాల్లో నడుస్తుంటే, కొన్ని తరగతుల స్ఫటికాల్లో అది తప్పని 1942లో భగవంతం దిద్దాడు. 1948లో టి. వెంకటరాయుడుతో కలిసి గ్రూపు సిద్ధాంతం మీద రాసిన పుస్తకం వాల్తేరు నుంచే వచ్చింది. 1964లో పి.వి. పంతులుతో కలిసి అదే పద్ధతిని అయస్కాంత స్ఫటికాల మీదికి తెచ్చాడు. అక్కడ తిప్పడం, అద్దం పట్టడంతో బాటు కాలాన్ని వెనక్కి తిప్పడం అనే మూడో పని కూడా జాబితాలో చేరుతుంది.

అది చేరగానే మామూలు 32 స్ఫటిక తరగతులు 122 అవుతాయి. వాటిలో సరిగ్గా 31 మాత్రమే బయటి క్షేత్రం లేకుండా హాల్ వోల్టేజిని ఒప్పుకుంటాయి. నికర అయస్కాంతత్వాన్ని ఒప్పుకునేవీ ఆ 31 తరగతులే. ఇక్కడే అందరూ బోల్తా పడ్డారు. రెంటికీ అనుమతి ఒకటే కాబట్టి ఒకటి ఎంతుంటే రెండోది అంతుంటుందని అనుకున్నారు. సౌష్ఠవం ఇచ్చేది అనుమతి వరకే, మోతాదు కాదు. అయస్కాంతత్వం ఉన్నా లేనట్టే ఉండే స్ఫటికం, హాల్ వోల్టేజి మాత్రం ఇనుముతో పోటీపడేంత ఇవ్వడానికి చట్టం ఎక్కడా అడ్డు చెప్పలేదు. స్పిన్నులు మాత్రం పక్కకి జరిపితే మొదటి స్ఫటికమే తిరిగొచ్చే ఆ బుద్ధిమంతుల వరసలో ఉండకూడదు. మెలి తిరగడం అందుకొక దారి.

మెలి తిరిగిన చోటికి ఇప్పుడు లోపలికి వెళ్దాం. పదార్థం పొటాషియం రోడియం ఆక్సైడు, రెండు రోడియం అణువులకు ఒక పొటాషియం చొప్పున. పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొరలో రోడియం అణువులు త్రిభుజాల వలలా అల్లుకుని, పైనా కిందా ఆక్సిజన్. పొరల మధ్య పొటాషియం. మీరిప్పుడు ఒక ఎలక్ట్రాన్ భుజమెక్కి కూర్చున్నారు. కాళ్ళ కింద త్రిభుజాలే. ఒక మూల నుంచి ఇంకో మూలకు మూడు ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే సెంటీమీటరులో మూడు కోట్లో వంతు.

త్రిభుజాల వల ఎదురుబొదురు స్పిన్నులకు పెద్ద తలనొప్పి. మొదటి మూల పైకి, రెండోది కిందికి, మరి మూడోది? ఎటు తిరిగినా ఇద్దరిలో ఒకరితో పడదు. మొండికేసిన ఈ తగవుకి ఒక చక్కటి రాజీ ఉంది. నాలుగు అణువులు ఒక జట్టు కట్టి, వాటి స్పిన్నులు చతుర్ముఖి నాలుగు మూలల వైపు చూస్తాయి. ఇంట్లో చేసి చూడొచ్చు. గోధుమపిండి ముద్దలో నాలుగు అగ్గిపుల్లలు, ఏ రెంటి మధ్య చూసినా ఒకే ఎడం ఉండేలా గుచ్చండి. నాలుగు బాణాలూ కూడితే సున్నా. ఖచ్చితంగా సున్నా. కానీ ఏ మూడు తీసుకున్నా అవి ఒక బల్ల మీద పడుకోవు, గొడుగు ఊచల్లా విప్పారి ఉంటాయి. వరసగా చూస్తూ పోతే కుడికో ఎడమకో తిరుగుతాయి. ఆ తిరుగుడునే భౌతికశాస్త్రం చేతివాటం అంటుంది. అద్దంలో చూస్తే కుడిచేతిది ఎడమచేతిది అవుతుంది, సున్నా మాత్రం సున్నాగానే ఉంటుంది.

పొటాషియం సగమే ఎందుకు? అది ఇచ్చే ఎలక్ట్రాన్లతో రోడియం పట్టీలో సరిగ్గా ముప్పాతిక సీట్లు నిండుతాయి. ముప్పాతిక నిండిన త్రిభుజాల వల ఇలాంటి నాలుగు దిక్కుల ఏర్పాటుకే మొగ్గు చూపుతుందని, అప్పుడు క్షేత్రం లేకుండానే క్వాంటం హాల్ స్థితి వస్తుందని 2008లో మార్టిన్, బటిస్టా లెక్కగట్టారు. వాళ్ళది నమూనా. దానికి నిజమైన స్ఫటికంలో చోటుందని లెక్కలతో చూపించింది 2016లో జియాన్ జో, గువాంగ్ యు గువో బృందం.

ఎలక్ట్రాన్ కదిలింది, గట్టిగా పట్టుకోండి. మొదటి అణువు దగ్గరకు రాగానే దాని స్పిన్ అక్కడి బాణం వైపు తిరిగింది. రెండో అణువుకి దూకింది, మళ్ళీ తిరిగింది. మూడోదానికి, మళ్ళీ తిరిగింది. తిరిగి మొదటి చోటికి వచ్చేశాం. బాణం మొదట్లో ఎటుందో అటే ఉంది. చుట్టూ ఏమీ మారలేదు. కానీ ఎలక్ట్రాన్ అలలో ఒక జరుగుడు మిగిలిపోయింది. స్పిన్ దిక్కులు ఊహాగోళం మీద గీసిన త్రిభుజం ఎంత ఘనకోణం చుట్టిందో అందులో సగం.

సగం అన్న ఈ సూత్రాన్ని మొదట కాంతి విషయంలో కనిపెట్టింది బెంగళూరులో. ఎస్. పంచరత్నం 1956లో, ఇరవై రెండేళ్ళ వయసులో, వెలుగు ధ్రువణాన్ని ఒక చుట్టు తిప్పి మొదటికి తెస్తే అందులో మిగిలే జరుగుడు ఘనకోణంలో సగమని చూపించాడు. మైకేల్ బెర్రీ దీన్ని క్వాంటం ప్రపంచానికంతటికీ వర్తింపజేసింది మరో ఇరవై ఎనిమిదేళ్ళకు, 1984లో.

చతుర్ముఖికి నాలుగు ముఖాలు. మొత్తం గోళాన్ని అవి సమంగా పంచుకుంటాయి కాబట్టి ఒక్కో త్రిభుజం చుట్టేది గోళంలో పావు, మిగిలే జరుగుడు తొంభై డిగ్రీలు. ఒక అయస్కాంత క్షేత్రం చేత ఇదే జరుగుడు చేయించాలంటే ఎంత బలం కావాలి? త్రిభుజం భుజం మూడు ఆంగ్‌స్ట్రామ్‌లు. ఎలక్ట్రాన్ అలను పూర్తిగా ఒక చుట్టు జరిపే క్షేత్ర మోతాదును అభివాహ క్వాంటం అంటారు, అందులో పావు వంతు ఈ త్రిభుజంలోంచి పోవాలి. లెక్క వేస్తే సుమారు 26 వేల టెస్లాలు. గ్రెనోబుల్‌లో ఆ రాత్రి 18. మనిషి ఇప్పటిదాకా నిలకడగా నిలబెట్టగలిగిన క్షేత్రం 45 టెస్లాల దరిదాపులు. దానికి వందల రెట్ల క్షేత్రాన్ని ఈ ఎలక్ట్రాన్ రోజూ అనుభవిస్తోంది. బయట దిక్సూచి పెడితే ముల్లు కూడా కదలదు. అలాగని ఇది మాయ కాదు, అయస్కాంతమూ కాదు. ఎలక్ట్రాన్ నడిచిన దారి జ్యామితి అంతే. బీజింగ్ రేకుకి స్పిన్‌నీ కదలికనీ ముడివేసే సాపేక్షతా ప్రభావం సాయం తప్పనిసరి. ఇక్కడ అదీ అక్కర్లేదు.

ప్రయోగాల్లో ఏం దొరికిందంటే, మొదట 2015లో టోక్యోలో సతోరు నకత్సుజీ బృందం మాంగనీసు తగరం స్ఫటికంలో గది వేడిమి దగ్గరే పెద్ద హాల్ వోల్టేజి చూసింది. అందులో స్పిన్నులు ఒకే తలంలో నూట ఇరవై డిగ్రీల ఎడంతో నిలబడతాయి. మరుసటి ఏడాది మాంగనీసు జెర్మేనియంలో అజయ నాయక్, ఆయన సహచరులు అదే చూశారు. నికర అయస్కాంతత్వం ఉందా అంటే ఉంది అన్నంత. అనుమతి వేరు, మోతాదు వేరు అన్నది అక్కడ కళ్ళకి కనబడింది.

కోబాల్టు కథ ఇంతకన్నా రుచి. 2018లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల బృందం నయోబియం సల్ఫైడు పొరల మధ్య కోబాల్టు చొప్పించిన స్ఫటికంలో పెద్ద హాల్ వోల్టేజి కొలిచింది. ఆనాటి పుస్తకాల ప్రకారం దాని స్పిన్నులు ఒకే గీతలో ఎదురుబొదురుగా ఉండాలి. అలాగైతే సున్నా రావాలి. రాలేదు. మీటరు అబద్ధమన్నా కావాలి, పుస్తకం అబద్ధమన్నా కావాలి. నయోబియం బదులు టాంటలం ఉన్న దాని తోబుట్టువు స్ఫటికాన్ని 26 కెల్విన్ల దిగువకి చల్లార్చి న్యూట్రాన్లు పంపిన జపాన్ బృందం 2023లో జవాబిచ్చింది. స్పిన్నులు గీతలో లేవు. నాలుగు దిక్కుల్లో విప్పారి ఉన్నాయి, పిండిముద్దలో అగ్గిపుల్లల వరస. పుస్తకమే తప్పు.

ఈ హాల్ వోల్టేజి కొలత ఎలా చేస్తారో దగ్గర నుంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కుడిచేతి మెలికా ఎడమచేతి మెలికా ఖర్చులో సమానం కాబట్టి స్ఫటికం చల్లారేటప్పుడు సగం ముక్కలు అటు, సగం ఇటు పోతాయి, వోల్టేజీలు కొట్టేసుకుంటాయి. అందుకే ముందు బయట నుంచి బలమైన క్షేత్రం పెట్టి అన్నిటినీ ఒక చేతివాటానికి తెస్తారు, తర్వాత క్షేత్రం తీసేస్తారు. మెలిక అలాగే ఉండిపోతుంది, వోల్టేజీ ఉండిపోతుంది. ఎదురు క్షేత్రం పెడితే ఒకచోట గభాలున గుర్తు మారిపోతుంది.

ఇంత చేసినా ఈ కోబాల్టు స్ఫటికాలు లోహాలు. నడుమ కూడా కరెంటు పారుతుంది, గట్టు తెగి నీళ్ళూ దారీ ఒకటైనట్టు. మెట్టు రాదు. మెట్టు వచ్చిన యాంటీఫెర్రోమాగ్నెట్ ఒకటుంది. మాంగనీసు బిస్మత్ టెల్యురైడు, 2020లో షాంఘైలో, 1.4 కెల్విన్ల దగ్గర. కానీ అందులో సరిగ్గా అయిదు పొరలు తీసుకున్నారు. పొరలో స్పిన్నులన్నీ ఒకవైపు, పై పొరలో ఎదురువైపు. రెండు జతలు కొట్టేసుకోగా అయిదో పొర మిగిలింది. ఆ మిగులు మీదే కథ నడిచింది, కాబట్టి దాన్ని పూర్తి సున్నా అనలేం.

పూర్తి సున్నాతో మెట్టు కట్టాల్సింది రోడియం ఆక్సైడే. లెక్కల ప్రకారం దాని నడుమ శక్తి ఎడం పెద్దది, స్పిన్నుల ఏర్పాటు కొన్ని పదుల కెల్విన్ల దాకా చెదరదు. బీజింగ్ రేకు పనిచేసిన వేడిమితో పోలిస్తే అది ఎడారి ఎండ. అయితే పొటాషియం వాటా సరిగ్గా సగం ఉండాలి. అది పొరల మధ్యనుంచి ఇట్టే జారిపోయే రకం. ముప్పాతిక లెక్క కాస్త తప్పినా నడుమ కరెంటు పారి మెట్టు కరిగిపోతుంది. పైగా పొరలన్నీ ఒకే చేతివాటంతో పేరుకోవాలి. ఒకటి కుడి, ఒకటి ఎడమ అయితే మళ్ళీ సున్నా. అన్నీ కుదిరితే ప్రతి పొరా తన అంచున ఒక దారి వేస్తుంది. అవన్నీ పక్కపక్కన నడిచే దారులు కాబట్టి నిరోధం పొరల సంఖ్యతో భాగింపబడుతుంది. వంద పొరల పలక తీసి, ఏ అయస్కాంతమూ దగ్గర పెట్టకుండా, అడ్డంగా రెండు వైర్లు అతికిస్తే మీటరు 258.128 ఓముల దగ్గర నిలబడాలి.